నర్తకి బట్టలకు ఒక బీరువా

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో పాతకాలపు బాలే ప్రదర్శనల గురించి, ఆనాటి నర్తకీమణుల దుస్తుల గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. 1832లో పారిస్ వేదిక మీద మారీ టాలియోనీ వేసుకున్న గంటలాంటి తెల్లని మస్లిన్ గౌను మొదలుకొని, మోకాలి పైకి వచ్చేసిన గట్టి గుండ్రని పావడా దాకా బొమ్మలన్నీ శ్రద్ధగా సేకరించారు. మూడుసార్లు చదివాను. 1971 నుంచి 2009 దాకా హైదరాబాదులో నాట్య దుస్తులు కుట్టిన మనిషిని నేను. నాకిప్పుడు 73 ఏళ్ళు. బొమ్మల్లో నాకు ముందు కనిపించేది ముఖం కాదు, భుజం దగ్గర కుట్టు. అందుకే ఆ పేజీలు దాచుకున్నాను కూడా.

కానీ వ్యాసం చివర ఒక మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. పడమటి నాట్యానికి తరానికో వేషం మారిందని, మన నాట్యానికి మాత్రం వేల ఏళ్ళుగా అదే ఆహార్యమని రాశారు. గౌరవంగా రాసిన మాటే. అయినా అది నిజం కాదు. పైగా ఆ నమ్మకం వల్ల చాలా నష్టం జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది. ఏదీ మారలేదనుకుంటే పాతదాన్ని దాచవలసిన పనే ఉండదు కదా. చినిగితే పారేసి అలాంటిదే ఇంకొకటి కుట్టించుకుంటే సరిపోతుందని అనుకుంటారు. అలా అనుకునే ఈ ఊళ్ళో రెండు తరాల నాట్య దుస్తులు తూకానికి పోయాయి. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

మా నాన్నది సుల్తాన్ బజార్ సందులో చిన్న దర్జీ కొట్టు. బడిపిల్లల యూనిఫారాలు, పెళ్ళి షేర్వాణీలు కుట్టేవారు. 1971లో ఒక నాట్యం మాస్టారు మద్రాసులో కుట్టించిన కూచిపూడి దుస్తులు ఒక జత తెచ్చి, అచ్చం అలాంటివే ఆరు కావాలన్నారు. నాన్న ఒప్పుకున్నారు గానీ, రాత్రంతా వాటిని తిప్పి తిప్పి చూశారు. అర్థం కాలేదు. తెల్లవారాక మాస్టారి అనుమతి తీసుకుని ఆ జత మొత్తం కుట్టు విప్పేశారు. పైజామా, కాళ్ళ మధ్య విచ్చుకునే కుచ్చిళ్ళ విసనకర్ర, వెనుక నడుము కింద కట్టే ముక్క, పైట, జాకెట్టు. అన్నిటినీ పాత వార్తాపత్రికల మీద పరిచి పెన్సిలుతో చుట్టూ గీతలు గీయమని నాకు చెప్పారు. ఆ కాగితాల మీద నేను నేర్చుకున్నదే నా చదువు. ఆ విసనకర్ర విడిగా చూస్తే ఒక సామాన్యమైన పట్టు చీర కొంగే. దాన్ని వేలెడు వెడల్పు మడతలుగా పెట్టి, కచ్చా కుట్టు వేసి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసి, ఒక రాత్రి బరువు కింద ఉంచి, అప్పుడు పైజామా రెండు కాళ్ళకూ కలిపి కుడతారు. నర్తకి అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో, ఉన్న క్షణాన అది పూర్తిగా విచ్చుకోవాలి, లేచిన క్షణాన మూసుకోవాలి. మడత ఒక్కటి తప్పుగా పడినా మూసుకోదు.

ఇప్పుడు ఆలోచించండి. వేల ఏళ్ళ కిందట ఈ కుట్టు ఎవరు వేశారు? నాన్న చిన్నతనంలో కృష్ణా జిల్లా నుంచి భాగవతుల మేళాలు వచ్చి ఆడితే చూశారట. అప్పుడు వేషాలన్నీ మగవారివే. సత్యభామ అయినా, ఉష అయినా చీర కట్టుకునే రావడం. ముఖానికి అరిదళమనే పసుపు రంగు, భుజకీర్తులు, కిరీటం తేలికైన బూరుగు చెక్కవి, వాటి మీద రంగు కాగితం, అద్దం బిళ్ళలు. కాగడాల వెలుగు. తెర పైనుంచి జడ విసిరి భామ తన రాకను చెప్పుకోవడం. గోల్కొండ ఏలిన తానీషా ఆ ఆటకు మెచ్చే కూచిపూడి అగ్రహారం ఇచ్చాడని మనవాళ్ళు చెప్పుకుంటారు. తానీషా చూసిన ఆటలో విసనకర్ర కుట్టిన పైజామా ఎవరూ తొడుక్కుని ఉండరు.

మరి అది ఎక్కడి నుంచి వచ్చింది? ఈ సంగతి మీ వ్యాసానికి సరిగ్గా అతికే సంగతి. రష్యా బాలే నర్తకి అన్నా పావ్లోవా 1920లలో రెండుసార్లు మన దేశం వచ్చింది. రెండో రాకలో, 1928లో, రుక్మిణీదేవి అరండేల్ ఆమెను కలుసుకున్నారు. పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర బాలే నేర్చుకున్నారు. నీ దేశపు నాట్యాన్ని వెతుక్కో అని పావ్లోవాయే ఆవిడకు చెప్పిందంటారు. 1935లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో రుక్మిణీదేవి భరతనాట్యం ప్రదర్శించారు, మరుసటి ఏడే ఆవిడ నాట్య పాఠశాల కళాక్షేత్రం మొదలయింది. చుట్టుకునే చీరను విప్పి, ముక్కలుగా కత్తిరించి, ఒంటికి సరిపడేలా కుట్టి వేదిక మీదకు తెచ్చినవాళ్ళలో ఆవిడ ముందువరుసలో ఉన్నారు. ఆ కత్తిరింపులో విదేశీ దర్జీ చేయి కూడా ఉంది. బాలే చూసిన కన్నుతో మన శిల్పాలను మళ్ళీ చూస్తే పుట్టిన దుస్తులు అవి. ఇది మనకు తక్కువతనం ఎంతమాత్రం కాదు. నేను కుట్టేదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ కత్తిరింపు గొప్పది. కాలు ఎంత చాచినా ఒళ్ళు కనబడదు, గీత చెడదు.

ఇంకో చిన్న సంగతి మన ఊరివాళ్ళు తెలుసుకోదగినది. పావ్లోవా బృందం 1923లో లండన్ కవెంట్ గార్డెన్‌లో అజంతా చిత్రాల పేరుతో ఒక బాలే ఆడింది. ఆ ఏడే మన దేశపు నర్తకుడు ఉదయశంకర్ ఆమెతో కలిసి రాధాకృష్ణులుగా నర్తించారు. ఆ అజంతా గుహలు అప్పుడు మన నిజాం రాజ్యంలోవే. అంటే మన హైదరాబాదు రాజ్యపు గోడల మీద గీసిన నడుము పట్టీలు, పాపిట బిళ్ళలు లండన్ వేదిక దాకా వెళ్ళాయి, అక్కడి కత్తెర మద్రాసు మీదుగా సుల్తాన్ బజార్‌లో మా నాన్న బల్ల మీదకు వచ్చింది.

1970లలో ఈ నగరంలో గోడపత్రికల మీద కూడా బాలే అనే రాసేవారు. కూచిపూడి బాలే, కూచిపూడి నృత్యనాటకం, రెండూ ఒకటే. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి, భుజంగరాయశర్మ గారి రచనతో, పట్రాయని సంగీతరావు గారి సంగీతంతో ఒకదాని తర్వాత ఒకటి నృత్యనాటకాలు తయారుచేస్తున్న రోజులు అవి. వారి బృందం ఆట రవీంద్రభారతిలో ఉందంటే నాన్న కొట్టు ముందుగానే మూసేసేవారు. ఇద్దరం వెళ్ళి బాల్కనీలో కూర్చునేవాళ్ళం. జనం పాట వింటారు, అడుగు చూస్తారు. మేము లెక్కపెట్టేవాళ్ళం. పద్మావతి పావుగంటలో బట్ట మార్చుకుని వచ్చిందంటే ఆ జాకెట్టుకు కాజాలు ఉండవు, హుక్కులే ఉంటాయి అని నాన్న నా చెవిలో చెప్పేవారు. ఒకే వేదిక మీద ఇరవై మంది కనిపిస్తే, వారిలో చెలికత్తెలందరికీ ఒకే రంగు వేసి నాయికకు మాత్రం ఎదురు రంగు వేయడం నేను అక్కడే మొదటిసారి గమనించాను. పాత మేళాల్లో ఆ పద్ధతి లేదు. అక్కడ ఎవరి వేషం వారిదే, ఎవరి పెట్టె వారిదే.

వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామను కూడా ఆ హాల్లోనే చూశాను. ఆయన నడుస్తుంటే చీర కుచ్చిళ్ళు పాదం ముందుకు వచ్చే ముందే పక్కకు తొలిగేవి. కుట్టిన దుస్తుల్లో ఆ కదలిక రాదు. అది కట్టుకోవడంలో ఉన్న విద్య. మేము కుట్టినవి ఎంత బాగున్నా ఒకటి పోగొట్టుకునే ఇంకొకటి సంపాదించాయని ఆ రోజు అర్థమైంది. ఆయన కట్టు తీరును కొలతలతో సహా ఎవరైనా రాసిపెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రంగుల గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే పాతకాలపు నాట్య ఫ్యాషన్ అంటే నాకు ముందు గుర్తొచ్చేవి రంగులే. 1970లలో అందరికీ చిలకపచ్చ కావాలి, దానికి రాణీరంగు అంచు. లేకపోతే మిరపపండు ఎరుపుకు నెమలికంఠం. పట్టు ధర్మవరంది. జాకెట్టు చేతులు మోచేతి దాకా, చివర నాలుగు వేళ్ళ జరీ. 1980లు వచ్చేసరికి చేతులు పొట్టివయ్యాయి, చమ్కీ పెరిగింది, సాటిను వచ్చింది. మెరుపు కావాలని అడిగేవారు. పత్తర్‌గట్టీలో గోటా, కినారీ అనే జరీ అంచులు అమ్మే కొట్ల దగ్గర గంటలకొద్దీ నిలబడి తెచ్చేదాన్ని. పాతబస్తీలో కార్చోబు అనే చెక్క చట్రానికి బట్ట బిగించి జర్దోజీ పని చేసే ఒక పెద్దాయన మా కోసం నడుము పట్టీలు కుట్టి పెట్టేవారు. భామాకలాపం కథ నాకంటే బాగా ఆయనకే తెలుసు. సత్యభామ పట్టీకి ఎప్పుడూ ఒక వరుస ఎక్కువే కుట్టేవారు, ఆమె గర్వం అంతటిదని.

దీపాల సంగతి మాకు ఎవరూ నేర్పలేదు, దెబ్బ తిని నేర్చుకున్నాం. ఒక నృత్యనాటకంలో రాక్షసుడికి ఎర్రటి ఎరుపు వేశాం. ఆ దృశ్యానికి నీలం దీపాలు పెట్టారు. ఎరుపంతా నల్లగా, మట్టిముద్దలా కనిపించింది. అప్పటి నుంచి కొత్త బట్ట ఏది కొన్నా ముందు నీలం, ఆకుపచ్చ రంగు కాగితాలు చుట్టిన టార్చిలైటు వేసి చూసేదాన్ని. తరంగం చేసే పిల్లలకు పైజామా అంచు మామూలుకన్నా రెండు వేళ్ళు పైకి కత్తిరించాలి. ఇత్తడి పళ్ళెం అంచును కాలివేళ్ళతో పట్టుకుని కదిలేటప్పుడు బట్ట కింద పడిందంటే మనిషే పడుతుంది. గజ్జెలు తగిలి పట్టు చీరుకుపోకుండా లోపలివైపు నూలు పట్టీ వేయాలి. ఇలాంటివి ఏ శాస్త్రగ్రంథంలోనూ ఉండవు. ఇవి దుస్తుల లోపలివైపు ఉంటాయి. దుస్తులు పోతే ఇవీ పోతాయి.

మీ వ్యాసంలో ఎమ్మా లివ్రీ అనే పారిస్ నర్తకి గురించి రెండే వాక్యాలు రాశారు. ఆమె గురించి ఇంకొంత రాయవలసింది. 1862లో అభ్యాసం చేస్తుండగా గ్యాసు దీపం మంట ఆమె పావడాకు అంటుకుంది. నిప్పంటకుండా మందు పట్టించిన బట్ట అప్పటికే ఉంది. అది బిరుసుగా, పచ్చబారినట్టు ఉంటుందని ఆమె వద్దంది. ఎనిమిది నెలలు బాధపడి, ఇరవై ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఆ రోజు ఆమె ఒంటి మీద మిగిలిన బట్ట పీలికలు పారిస్ ఒపేరా మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. 160 ఏళ్ళు దాటింది. కాలిన పీలికలు. వాటిని పారేయలేదు.

మాకూ నిప్పుతో పని ఉండేది. రాక్షస ప్రవేశానికి కాగడా మీద గుగ్గిలం చల్లితే భగ్గుమని మంట లేచేది, జనం అరిచేవారు. అందుకే నాన్న ముందువైపు విసనకర్రకు ఎప్పుడూ నూలు అస్తరు వేసేవారు. ఎవరైనా నైలాను అస్తరు వేయమంటే పని తిప్పి పంపేసేవారు. నైలాను కాలడమే కాదు, కరిగి ఒంటికి అంటుకుంటుందని చెప్పేవారు. 1979లో ఒక బడి మైదానంలో ఆట జరుగుతుంటే కాగడా నుంచి నిప్పురవ్వ ఎగిరి నాయిక ఎడమ తొడ మీద పడింది. పట్టు రూపాయి బిళ్ళంత మేర కాలింది. అస్తరు మాత్రం కమిలి ఆగిపోయింది. ఆ అమ్మాయి ఆట ఆపలేదు. మళ్ళీ నాలుగు రోజుల్లో ఇంకో ప్రదర్శన. కొత్తది కుట్టే సమయం లేదు. నేను ఆ రంధ్రం కింద పట్టు ముక్క పెట్టి, పైన జరీ దారంతో ఒక చిలకను కుట్టాను. ముక్కుకు ఎర్ర దారం. ఆ చిలక అందరికీ ఎంత నచ్చిందంటే, తర్వాత రెండేళ్ళ పాటు వచ్చిన ప్రతి పిల్లా ఎడమ తొడ మీద చిలక కావాలనే అడిగింది. ఈమధ్య ఒక యువ గురువు ఆ చిలక సత్యభామ ఆహార్యంలో అనాదిగా ఉన్న గుర్తని తన శిష్యులకు చెబుతుంటే విన్నాను. మర్యాదగా పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాను. మారలేదు అనుకునేవాటిలో ఎన్ని ఇలా మారినవో!

ఇక నన్ను ఈ ఉత్తరం రాయించిన సంగతి. పోయిన నెల ఒక సాయంత్రం నాకు ఫోను వచ్చింది. ఒకప్పుడు మా కొట్లో హుక్కులు కుట్టిన కుర్రాడు, ఇప్పుడు ఆటో నడుపుతాడు. అమ్మా, పాత జరీ కొనే వ్యాపారి దగ్గర సంచుల్లో మన చేతి పని కనిపిస్తోంది, ఒకసారి రండి అన్నాడు. వెళ్ళాను. ఏళ్ళ తరబడి నృత్యనాటకాలు ఆడించిన ఒక సంస్థ అద్దె హాలు ఖాళీ చేస్తూ, ఇనుప పెట్టెల్లోని దుస్తులన్నీ తూకానికి ఇచ్చేసిందట. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పను. ఒకరి పేరు చెప్పి ఊరుకుంటే సరిపోయే తప్పు కాదిది. ఆనాటి జరీ అసలుది, వెండి తీగకు బంగారు పూత. పట్టును కాల్చేస్తే వెండి మిగులుతుంది. అప్పటికే రెండు సంచులు కాల్చేశారు. ఒక జత దుస్తుల్లో ఎంత వెండి దొరుకుతుందని అడిగాను. ఆ వ్యాపారి చిటికెడు చూపించాడు.

మిగిలిన సంచి నేల మీద కుమ్మరించి కూర్చున్నాను. ఎవరి నడుము కొలత ఎంతో నా చేతులకు ఇంకా గుర్తుంది. నాడా లోపలివైపు ఎర్ర దారంతో పేరు మొదటి అక్షరం కుట్టడం మా అలవాటు, మేకప్ గదిలో తారుమారు కాకుండా. ఆ అక్షరాలు చదువుకుంటూ పోతే అడుగున చిలకపచ్చ విసనకర్ర ఒకటి వచ్చింది. ఎడమ వైపు చిలక ఉంది. తిప్పి చూశాను. అస్తరు మీద కమిలిన మచ్చ అలాగే ఉంది. దానితో ఉన్న జాకెట్టుకు మెడ దగ్గర పాన్‌కేక్ మేకప్ మరక, చంకల్లో చెమట చారలు, పైజామా అంచున పారాణి. పక్కన మూడుసార్లు కుట్టు విప్పి వదులు చేసిన గుర్తులు. ఆ అమ్మాయి పెళ్ళయ్యాక ఒకసారి, బిడ్డ పుట్టాక ఒకసారి, మళ్ళీ ఒకసారి. పధ్నాలుగేళ్ళ నాట్యం ఆ పక్క కుట్టులో ఉంది. వ్యాపారికి తూకం ప్రకారం డబ్బిచ్చి, మిగిలిన 14 జతలూ ఇంటికి తెచ్చుకున్నాను.

సంపాదకులు గారూ, మన పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారి బట్టల బీరువా ఉంది. రెండంతస్తుల చెక్క బీరువా, ఒక హాలు పొడవునా ఉంటుంది. ఒకసారి వేసుకున్నది ఆయన మళ్ళీ వేసుకునేవారు కాదట. దాన్ని చూడటానికి దేశాల నుంచి జనం వస్తారు, రావలసిందే, అది మన నగరానికి అందం. నా మనవరాలిని తీసుకెళ్ళి చూపించినప్పుడు ఆ పిల్ల అడిగింది: అమ్మమ్మా, నువ్వు కుట్టినవి ఏ బీరువాలో ఉన్నాయి? నా దగ్గర జవాబు లేదు. ఒక్కసారే వేసుకుని విప్పేసిన రాజుగారి బట్టలకు అంత బీరువా ఉన్న ఊళ్ళో, ఒకే జతను పధ్నాలుగేళ్ళు వేసుకుని చెమటతో తడిపిన నర్తకి బట్టలకు ఒక అర కూడా ఎందుకు లేదు?

పావ్లోవా హంస దుస్తులు లండన్ మ్యూజియంలో దాచారు. 1913లో పారిస్‌ను గగ్గోలు పెట్టించిన రష్యన్ బాలే దుస్తులు కొన్ని లండన్‌లోనే విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి నమూనాలు గీసిన రష్యా చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ తర్వాత మన దేశం వచ్చి కులూ లోయలో స్థిరపడ్డారు. ఆయన చిన్న కోడలు, సినీనటి దేవికారాణి పుట్టింది వాల్తేరులో. మనకు అంత దూరపు కథేమీ కాదు. అదే బృందం దుస్తులు ఇంకొన్నిటిని ఆస్ట్రేలియా ప్రభుత్వం 1973లో లండన్ వేలంలో కొని కాన్‌బెర్రాకు తీసుకెళ్ళింది. ఎక్కడి రష్యా, ఎక్కడి ఆస్ట్రేలియా! వేరే దేశపు నర్తకుల చెమట బట్టలను వాళ్ళు డబ్బు పెట్టి కొని దాచుకున్నారు. మనవాళ్ళవి మనం కాల్చి చిటికెడు వెండి తీసుకున్నాం.

నేను అడిగేది భవనం కాదు. రవీంద్రభారతి 1961 నుంచి ఈ దుస్తులన్నిటినీ చూసిన చోటు, అక్కడ ఒక గది చాలు. లేదా నాట్యం నేర్పే శాఖ ఉన్న తెలుగు విశ్వవిద్యాలయంలో ఒక గది. సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత బట్టలను కాపాడటం తెలిసినవాళ్ళు ఉన్నారు, వారి సలహా తీసుకోవచ్చు. గాజు బీరువాలు, హంగులు తర్వాత చూసుకోవచ్చు. ముందు సేకరించాలి. ఈ నగరంలో ఎందరో గురువులు, ఎన్నో బృందాలు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. శోభానాయుడు గారు 1980ల నుంచి ఇక్కడే వందలమందికి నేర్పారు. నటరాజ రామకృష్ణ గారు పేరిణిని, ఆంధ్రనాట్యాన్ని మళ్ళీ నిలబెట్టింది ఈ ఊళ్ళోనే. ఉమా రామారావు గారు యక్షగానాలను వెలికితీసింది ఈ ఊళ్ళోనే. వాటన్నిటికీ ఎవరో ఒకరు బట్ట కొన్నారు, ఎవరో ఒకరు కుట్టారు. ఆ పెట్టెలు ఎవరి అటకల మీదో, ఎవరి మంచాల కిందో ఇంకా ఉండి ఉంటాయి. ఫొటోలు చాలవా అని అడుగుతారు కొందరు. ఫొటోలో అస్తరు కనిపించదు.

మీ పాఠకుల్లో పాత నాట్య దుస్తులు ఉన్నవారికి ఈ లోపు కొన్ని మాటలు చెబుతాను. ఉతకకండి. మరకలు ఉంటే ఉండనివ్వండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టవద్దు, చెమ్మ పట్టి జరీ నల్లబడుతుంది. పాత నూలు పంచెను గంజి పోయేదాకా ఉతికి, బాగా ఆరాక అందులో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. వసకొమ్ము ముక్కలు గుడ్డలో మూటకట్టి పెట్టె మూలన పెడితే చాలు. ఏడాదికి రెండుసార్లు తీసి, నీడలో ఆరబెట్టి, మడతలు మార్చి పెట్టండి. మడత ఒకేచోట ఉంటే పట్టు అక్కడే చీలుతుంది. బూరుగు చెక్క నగలుంటే పురుగు పొడి రాలుతోందేమో చూసుకోండి. అన్నిటికంటే ముందు, ఎవరు వేసుకున్నారు, ఏ వేషానికి, ఎవరు కుట్టారు అన్నది ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. గుర్తున్నవాళ్ళం ఇంకా కొందరమే మిగిలాం.

నా దగ్గర ఉన్న 14 జతలు చిక్కడపల్లిలో మా రెండు గదుల ఇంట్లో, మంచం కింద రెండు ఇనుప పెట్టెల్లో ఉన్నాయి. వానాకాలం వస్తే ఆ గోడ చెమ్మగిల్లుతుంది, అప్పుడు పెట్టెలను వంటగదిలోకి జరుపుతాం. నాన్న గీయించిన పత్రికల కాగితాల్లో ఇంకా తొమ్మిది ఉన్నాయి, అంచులు పొడి పొడిగా రాలుతున్నాయి. వీటన్నిటినీ ఒక్క పైసా తీసుకోకుండా ఇస్తాను. ఏ అధికారి అయినా, ఏ విశ్వవిద్యాలయం వారైనా రావాలనుకుంటే నా చిరునామా, ఫోను నంబరు మీ కార్యాలయంలో ఇచ్చాను. ఉదయం పది దాటాక ఎప్పుడైనా రావచ్చు. వెలుతురు బాగుంటుంది, కుట్లన్నీ విడమర్చి చూపిస్తాను. వచ్చేటప్పుడు రాసుకోవడానికి ఒక పుస్తకం తెచ్చుకోమని మనవి.

ఇట్లు,
ఒక నాట్య దుస్తుల దర్జీ,
చిక్కడపల్లి, హైదరాబాదు